ఇంటింటా తూటా

సీతంవలస పటాలంలో తుపాకి పేలి చాలా కాలమైంది. తుపాకులకు లోటు లేదు. వాటికి నూనె పెట్టడానికి, తుడవడానికి, తుడిచామని రాసుకోవడానికి మనుషులకూ లోటు లేదు. లేనివల్లా తూటాలే. సాధన కోసం తూటాలు కావాలని ప్రతి ఏటా పై ఆఫీసుకు రాసేవారు. పోయిన ఏడు ఇచ్చినవి ఏం చేశారని పై ఆఫీసు అడిగేది. పోయిన ఏడు మీరు ఇవ్వలేదని వీళ్లు రాసేవారు. ఇవ్వని తూటాలకే సరిగా జవాబు చెప్పలేనివారు ఇచ్చినవాటికి ఏం చెబుతారని పై ఆఫీసు మళ్లీ రాసేది. అందుచేత ఫైరింగ్ సాధన రోజున కానిస్టేబుళ్లంతా మైదానంలో బారుగా బోర్లా పడుకుని, గురి చూసి, నోటితో "ఠాప్" అనేవారు. ఎవరి ఠాప్ గట్టిగా వినిపిస్తే వారికి మంచి మార్కులు పడేవి.

ఇలా ఉండగా కమాండెంట్ శతానందం గారు ఏదో సదస్సు కోసం విదేశం వెళ్లివచ్చారు. సదస్సులో ఏం విన్నారో ఎవరికీ చెప్పలేదు గానీ, సదస్సు ఎగ్గొట్టి చూసొచ్చిన ఒక ఇంటి గురించి మాత్రం కనబడ్డవాడికల్లా చెప్పారు. ఆ ఇంటాయన రిటైరైన లెక్కల మాస్టారట. కారు షెడ్డులో ఒక బల్ల, బల్లకు బిగించిన చేతి ప్రెస్సు, పక్కన కాఫీ కప్పు. పేలిపోయిన తూటాల ఖాళీ గొట్టాలను కడిగి ఆరబెట్టుకుంటాడు. ఒక్కోదాని అడుగున, మందును అంటించి కాలిపోయిన చిన్న టోపీని పొడిచి తీసి కొత్త టోపీ తొడుగుతాడు. మందు తూచి పోస్తాడు. పైన గుండు పెట్టి ప్రెస్సు పిడి కిందికి లాగుతాడు. అంతే, కొత్త తూటా తయారు.

"నిక్కరు వేసుకుని చేస్తున్నాడయ్యా!" అనేవారు శతానందం గారు. "ఒక మాస్టారు! నిక్కరుతో! మనకు యూనిఫారం ఉండి ఏం లాభం?"

తర్వాతి పరేడ్‌లో ఆయన వేదికెక్కి గొంతు సవరించుకున్నారు.

"తూటా కోసం చెయ్యి చాచే పటాలం స్థాయి నుంచి, తూటాను స్వగృహంలోనే ప్రసవించే పటాలం స్థాయికి మనం పరివర్తన చెందవలసిన చారిత్రక తరుణం ఆసన్నమైనది. సదరు పథకానికి ‘ఇంటింటా తూటా’ అని నామకరణం చేయడమైనది. ఇకపై ప్రతి ఒక్కరూ ఎవరి ఇంట్లో వారే మందు నింపుకోవలెను."

చివరి వరసలో ఉన్నవారికి ఆఖరి మాట ఒక్కటే వినబడింది. వాళ్లు చప్పట్లు కొట్టడం చూసి మిగతా వరసలూ కొట్టాయి. సిబ్బంది హర్షధ్వానాల మధ్య పథకం ఆమోదం పొందినట్టు రాసుకున్నారు.

ముందుగా ఒక ఇంట్లో మొదలుపెట్టి, బాగుంటే వరసగా అన్ని ఇళ్లకూ పాకించాలని నిర్ణయం. ఆ మొదటి ఇల్లు హెడ్ కానిస్టేబుల్ పొట్నూరు గౌరీశుది. పటాలం ఆయుధాల గది తాళాలు గౌరీశు దగ్గరే ఉంటాయి. ఇంట్లో చిన్నపిల్లలు లేరు. వీటన్నిటికంటే పెద్ద అర్హత, ఇన్నేళ్ల ఉద్యోగంలో అతని నోట "సార్" తప్ప ఇంకో మాట పై అధికారులెవరూ విని ఎరగరు. ఇంట్లో ఉండేది గౌరీశు, అతని భార్య నీలవేణి, తల్లి అసిరమ్మ. అసిరమ్మకు కాళ్లు పడిపోయాయి. ముందుగదిలో కిటికీ పక్కన నులక మంచం మీదే ఆమె లోకం. లైన్సులో, అంటే ఆ క్వార్టర్ల వరసలో, ఎవరింట్లో ఏం కూర వండారో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో ఆ కిటికీలోంచి చూసి కోడలికి చెబుతూ ఉంటుంది.

ఒక పొద్దున బల్ల, ప్రెస్సు, త్రాసు, గొట్టాలు కడిగే డ్రమ్ము దిగాయి. అవి పట్టడానికి బియ్యం డబ్బా వీధి అరుగు మీదికి పోయింది.

"ఏటి మావా ఇది? చెరకు రసం తీసే మిషనా?" అని అడిగింది నీలవేణి.

"కాదు. తూటాలు సేసీది."

"ఎవులు సేత్తారు?"

"మనమే."

నీలవేణి ఆ ప్రెస్సు చుట్టూ ఒకసారి తిరిగింది. "మరి మందేదీ?"

అది మంచి ప్రశ్న. ఆ ప్రశ్న పటాలంలో ఇంకెవరికీ తట్టలేదు. కమాండెంట్ గారు మందుగుండు భద్రతాధికారి విరూపాక్షం గారిని పిలిపించారు. ఆయన సన్నగా, పొడుగ్గా, చంకలో నియమావళి పుస్తకంతో వచ్చారు. గదిని, గదిలోని మంచాన్ని, మంచం మీది ముసలమ్మను చూసి పుస్తకం తెరిచారు.

"ఇది నివాస గృహము. నివాస గృహమునందు మందుగుండు నిషిద్ధము."

"పథకమే ఇంట్లో తయారుచేయడం కదండీ!" అన్నారు శతానందం గారు.

"ఇల్లు ఉండుటకు నాకు అభ్యంతరం లేదు. అందులో నివాసం మాత్రం ఉండరాదు."

ఆ మాటతో చిక్కు విడిపోయింది. ఆ సాయంత్రానికే గౌరీశు క్వార్టరు ‘గృహ మందుగుండు గిడ్డంగి’గా ప్రకటితమైంది. గిడ్డంగిలో నిప్పు ఉండకూడదు కాబట్టి పొయ్యి బయటికి పోయింది. నిప్పురవ్వ పుట్టించే లోహం ఉండకూడదు కాబట్టి నీలవేణి కాలి పట్టీలు, గిన్నెలు, గరిటెలు బయటికి పోయాయి. సిబ్బంది కానివారు ఉండకూడదు కాబట్టి ఆఖరున నీలవేణి పోయింది. మొగుడూ పెళ్లాలకు బ్యాండు గదిలో చోటిచ్చారు. పెద్ద డోలు పక్కన నీలవేణి చాప పరిచింది. గుమ్మం దగ్గర సెంట్రీగా దాలినాయుడు అనే కుర్ర కానిస్టేబుల్‌ను నిలబెట్టారు. అతనికి ఈమధ్యే పెళ్లయి, పక్క క్వార్టరు కేటాయించారు. ఇంటి పక్కనే డ్యూటీ పడిందని మురిసిపోయాడు.

మిగిలింది అసిరమ్మ. బ్యాండు గదిలో గోడలు చెమ్మగిల్లి ఉంటాయని, ఆమెకున్న ఆయాసంతో అక్కడ ఉంచితే మనిషి దక్కదని పటాలం డాక్టరు గట్టిగా చెప్పాడు. పటాలం దాటి బయట ఇల్లు తీసుకుందామంటే ఆయుధాల గది తాళాలున్నవాడు ఆవరణ దాటి కాపురం పెట్టకూడదు. విరూపాక్షం గారు చాలాసేపు పుస్తకం తిప్పారు.

"గిడ్డంగిలో రెండే ఉండవచ్చు. ఒకటి సిబ్బంది, రెండు సరుకు."

"మా అత్తని సిబ్బంది అని రాసీండి బాబూ," అంది నీలవేణి.

"వయోపరిమితి దాటినది."

అలా అసిరమ్మ సరుకైంది. సరుకు జాబితాలో ప్రెస్సు తర్వాత, త్రాసుకు ముందు ఆమెను ఎక్కించారు. ‘ముసలమ్మ, ఒకటి’ అని రాసి, పని చేయునా చేయదా అన్న చోట విరూపాక్షం గారు కాసేపు ఆలోచించారు. ఆమె కాళ్లను పెన్సిలుతో తట్టి చూశారు. ‘చేయదు’ అని రాశారు.

"సరుకు తాలూకు అభ్యంతరం ఏమైనా ఉన్నదా?" అని కమాండెంట్ గారు మంచం వైపు వంగి అడిగారు. ఆయన స్వతహాగా దయగల మనిషి.

సరిగ్గా అప్పుడే ఒక విషయం బయటపడింది. అసిరమ్మ చుట్ట తాగుతుంది. ఆ ప్రాంతపు పాతకాలం ఆడవాళ్లలాగే అడ్డపొగ తాగుతుంది, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదాలు బిగించుకుంటుంది. మాట్లాడబోతూ ఆమె చుట్టను వేలితో తప్పించింది. ఎర్రగా మెరిసింది. విరూపాక్షం గారు రెండంగల్లో గుమ్మం బయట ఉన్నారు.

"నిప్పు! గిడ్డంగిలో నిప్పు!"

"నోట్లో ఉంది కదండీ," అన్నారు శతానందం గారు.

విరూపాక్షం గారు బయట నిలబడే పుస్తకం చూశారు. "నియమావళి ‘బహిరంగ నిప్పు’ను మాత్రమే నిషేధించినది. నోరు మూసి ఉన్నంతవరకు అది బహిరంగము కాదు. కావున ఈ సరుకు నోరు తెరవరాదు."

అసిరమ్మ గబుక్కున నోరు మూసుకుంది. కొడుకు ఉద్యోగం మీద ఆమెకు చాలా భయం.

"అభ్యంతరం ఉన్నదా?" అని కమాండెంట్ గారు మళ్లీ అడిగారు.

అసిరమ్మ కళ్లు పెద్దవి చేసి చూసింది. పెదాలు కదపలేదు. అభ్యంతరం లేనట్టు నమోదైంది.

మర్నాడు మందు వస్తుందనగా గౌరీశు తల్లి తలగడ కింద నుంచి చుట్టల కట్ట తీసేశాడు. చిన్నప్పుడు ఆమె పొలం పనికెళ్లి తెచ్చిన జొన్న అన్నంలో కూడా ఆ చుట్ట వాసన ఉండేది. ఏ రోజూ ఆ కట్ట ముట్టుకోవడానికి అతనికి చెయ్యి రాలేదు.

"కొన్నాల్లేనమ్మా," అన్నాడు.

"తీసీ నాయనా. నీకు మంచి జరుగుతాదంటే తీసీ," అంది అసిరమ్మ. ఆ తర్వాత ఆమె చెయ్యి పగలంతా తలగడ కింద వెతుక్కుంటూనే ఉంది.

మందు వచ్చింది. ఒకే ఒక్క చిన్న డబ్బా, లక్క సీలుతో, ముందొక జీపు వెనకొక జీపుతో వచ్చింది. ఎదురుగా బ్యాండు వాయించారు. వాయిద్యాలు తీయడానికి నీలవేణి చాప చుట్టి లేవాల్సివచ్చింది. డబ్బా బల్ల మీద పెట్టాక, సీలు వేసిన అధికారి సమక్షంలోనే దాన్ని విప్పాలని విరూపాక్షం గారు చదివి వినిపించారు. సీలు వేసిన అధికారి రిటైరయ్యాడు. రిటైరైనవాడు అధికారి కాడు. కాబట్టి ఆ సీలును విప్పగలవాడు ప్రస్తుతం భూమ్మీద లేడు.

శతానందం గారు ఇందుకు కూడా నిరాశపడలేదు. గౌరీశు చేత రోజూ ఖాళీ గొట్టాలను కడిగించి, ఆరబెట్టించి, మళ్లీ కడిగించారు. మందు లేకుండానే ప్రెస్సు పిడి లాగించారు. ‘ఇంటింటా తూటా పథకమునందు నేటి వరకు ఒక్క ప్రమాదమైనను సంభవించలేదు’ అని పై ఆఫీసుకు రాశారు. పై ఆఫీసు ఎంతో సంతోషించింది. తూటాలు అడగని ఉత్తరం సీతంవలస నుంచి రావడం అదే మొదటిసారి. పథకాన్ని లైన్సులో అన్ని ఇళ్లకూ వరసగా విస్తరించమని అనుమతి వచ్చేసింది.

అసిరమ్మ మాత్రం రోజురోజుకూ తగ్గిపోతోంది. కోడలు లోపలికి రావాలంటే పాసు కావాలి. పాసు కోసం నిలబడేసరికి గంజి చల్లారిపోయేది. కిటికీకి భద్రత కోసం రేకు కొట్టేశారు. లైన్సులో ఎవరేం వండుకున్నారో ఇప్పుడామెకు తెలియదు.

"ఓలి నీలేణీ, బయట వానొచ్చిందేటే?" అని అడిగిందొకరోజు.

"లేదత్తా, ఎండే."

"సీకటిగా ఉంటే వానేమో అనుకున్నాను."

నీలవేణి ఆ రోజు బ్యాండు గదిలో మొగుడి ముందు గంజి గిన్నె ఠపీమని పెట్టింది. "నీ సారుకి ఒక్కపాలి సెప్పలేవా మావా? నోట్లో నిప్పుండి నోరు మూసినాది మీ అమ్మ. నీ నోట్లో ఏటున్నాది?"

గౌరీశు గిన్నె ఎత్తి గంజి తాగాడు.

అంతలో ఏడాది చివరి తనిఖీ వచ్చింది. పటాలంలో పనికిరాని వస్తువులను తీసిపారేయడానికి అధికారుల బోర్డు ఒకటి కూర్చుంటుంది. చిరిగిన గుడారాలు, సొట్టపోయిన బకెట్లు, తుప్పు పట్టిన టోపీ బిళ్లలు. గిడ్డంగి సరుకులో ‘పని చేయదు’ అని ఉన్నది అసిరమ్మ ఒక్కతే. విరూపాక్షం గారు నియమం చదివారు. పని చేయని సరుకును పగలగొట్టవలెను, లేదా కాల్చవలెను, లేదా వేలం వేయవలెను.

శతానందం గారు కదిలిపోయారు. "మనం మనుషులం. మొదటి రెండూ నేను ఒప్పుకోను. మానవతా దృక్పథంతో వేలం వేద్దాం. గౌరీశూ, అమ్మగారి మీద నీకున్న గౌరవం నాకు తెలుసు. కావాలంటే నువ్వూ పాల్గొనవచ్చు."

"సార్," అన్నాడు గౌరీశు.

వేలానికి పెట్టే వస్తువులకు రేకు బిళ్ల కట్టాలి. కట్టవలసింది ఆ సరుకు బాధ్యుడు. గౌరీశు బిళ్ల పట్టుకుని లోపలికి వెళ్లాడు. చీకటిగదిలో తల్లి చెయ్యి వెతికి పట్టుకుని, మణికట్టుకు దారం చుట్టాడు. ఎముక తప్ప ఏమీ లేదు ఆ చేతికి. ముడి సరిగా పడలేదు.

"ఏటి నాయనా ఇది? తాయెత్తా?"

గౌరీశు ముడి విప్పి మళ్లీ వేశాడు. ఆఖరికి, "అవునమ్మా," అన్నాడు.

"మీ సారిచ్చినాడా?"

"అవును."

అసిరమ్మ ఆ బిళ్లను కళ్లకద్దుకుంది. రెండు చేతులూ ఎత్తి గుమ్మం వైపు దణ్ణం పెట్టింది. "సల్లగుండాల ఆ బాబు. నాలాటి ముసల్దాన్ని గుర్తెట్టుకున్నాడు."

గౌరీశు టోపీ తీసి ప్రెస్సు మీద పెట్టాడు. మంచం పక్కన గొంతుక్కూర్చుని, "నా మెడ సుట్టూ సేతులెయ్యమ్మా," అన్నాడు. తల్లిని వీపు మీద వేసుకుని లేచాడు. గుమ్మం దాటాడు.

దాలినాయుడు తుపాకి అడ్డం పెట్టాడు. "ఆగండి గురువుగారూ! సరుకు బయటికెల్లాలంటే పాసుండాల."

"తప్పుకో దాలినాయుడూ."

"నా ఉద్యోగం పోద్ది గురువుగారూ. ఆగకపోతే కాల్సీమని ఆర్డరు."

"దేంతో కాలుత్తావురా?"

దాలినాయుడు తుపాకి వైపు చూసుకున్నాడు. గౌరీశు వైపు చూశాడు. అతని నోరు కొంచెం తెరుచుకుంది గానీ, ఠాప్ అనడానికి మనసు రాలేదు. తుపాకి దించేశాడు.

గౌరీశు ఎర్రటి ఎండలో పరేడ్ మైదానం మధ్యలోంచి నడిచిపోయాడు. వీపు మీద అసిరమ్మ కళ్లు చికిలించి అటూ ఇటూ చూస్తోంది. "అల్లదిగో, ఆళ్లింట్లో ఎండు సేపలు," అంటోంది. బ్యాండు గది గుమ్మంలో నుంచి అది చూసిన నీలవేణి చాప చంకన పెట్టుకుని వెనకాలే పరుగెత్తింది. గేటు బయట టీ దుకాణం వెనక ఒక చిన్న గది ఉంది. టీ కొట్టావిడ ఏమీ అడక్కుండా మంచం వాల్చింది.

మర్నాడే విచారణ. ప్రభుత్వ గిడ్డంగి నుంచి ఒక వస్తువును అపహరించినట్టు గౌరీశు మీద అభియోగం. అపహరించిన వస్తువును ఆధారంగా కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. కమాండెంట్ గారు అధ్యక్షత వహించారు.

"గౌరీశూ! సదరు వస్తువును గిడ్డంగి నుంచి తరలించిన మాట నిజమా?"

"వస్తువు కాదు సార్. మా అమ్మ."

గదిలో ఉన్నవారంతా ఉలిక్కిపడ్డారు. గౌరీశు నోట ‘సార్’కు ముందు అన్ని మాటలు రావడం ఎవరూ వినలేదు. శతానందం గారు నీళ్లు తాగి, ఆధారం వైపు తిరిగారు.

"అమ్మా, నిన్ను అక్కడి నుంచి ఎత్తుకుపోయినది ఎవరు?"

"నా కొడుకే బాబూ," అంది అసిరమ్మ. "ఆడికి నడక రానప్పుడు నాను ఎత్తుకు తిరిగినాను. ఇప్పుడు నాకు నడక నేదు, ఆడెత్తుకున్నాడు. నన్నప్పుడు ఎవులూ పాసడగలేదు బాబూ."

విరూపాక్షం గారు దగ్గి, ‘నేరం అంగీకరించడమైనది’ అని రాసుకున్నారు. గౌరీశును సస్పెండ్ చేశారు. సస్పెన్షన్ కాలమంతా తనకు కేటాయించిన క్వార్టరులోనే ఉండవలెనని, ఆవరణ దాటరాదని ఆజ్ఞ.

వెనక నిలబడ్డ నీలవేణి గొంతెత్తింది. "ఏ కోటరు బాబూ? అది గిడ్డంగి కాదేటి?"

శతానందం గారు విరూపాక్షం గారిని చూశారు. విరూపాక్షం గారు పుస్తకాన్ని చూశారు. సస్పెండైనవాడు కేటాయించిన క్వార్టరులో ఉండి తీరాలి. అది నియమం. దొంగతనం అభియోగం ఉన్నవాడు మందుగుండు ఉన్నచోట ఉండరాదు. అదీ నియమమే. గౌరీశును కదపడానికి వీల్లేదు కాబట్టి మందుగుండు కదలాలి.

పొద్దు వాలేలోగా బల్ల, ప్రెస్సు, త్రాసు, డ్రమ్ము, సీలు విప్పని డబ్బా ఎత్తుకుపోయారు. కిటికీ రేకు ఊడదీశారు. నీలవేణి పొయ్యి లోపల పెట్టి, ఉప్పుచేప వేయించి, ఆ పొగ గదంతా పట్టేదాకా తలుపు తియ్యలేదు. గౌరీశు తల్లి మణికట్టు దగ్గర దారం తెంపబోతే ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. తాయెత్తు తీస్తే కీడని ఆమె భయం. చివరికి అసలు సంగతి చెప్పాల్సివచ్చింది. అసిరమ్మ అంతా వింది. తనే పళ్లతో దారం కొరికేసి, బిళ్లను వీధిలోకి విసిరేసింది.

కొద్ది రోజుల తర్వాత దాలినాయుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం మాసింది. చొక్కా నలిగింది.

"ఏట్రా?" అన్నాడు గౌరీశు.

"గిడ్డంగి మా ఇంటికి మార్సీనారు గురువుగారూ. వరసలో తరవాతిల్లు మాదే. మా ఆవిడని బ్యాండు గదిలో పెట్టినారు. కాపరానికొచ్చి పట్టుమని పది దినాలు కాలేదు. పుట్టింటికి ఎల్లిపోతానంటంది."

నీలవేణి అతనికి చెంబుతో నీళ్లిచ్చింది. దాలినాయుడు తాగి, మూతి తుడుచుకుని, నేల చూపులు చూశాడు.

"గిడ్డంగితో పాటు సరుకు కూడా నాకప్పగించాలంట. అమ్మ పేరు సరుకు లిస్టులో అలాగే ఉందంట."

గౌరీశు లేచి మంచానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అది కాదు గురువుగారూ, సెప్పనీండి," అన్నాడు దాలినాయుడు గబగబా. "మాయమ్మ సిన్నప్పుడే పోనాది. ఎత్తుకుపోవడానికి నాకెవులూ లేరు. అమ్మని ఒక్క పూట ఇవ్వండి. పొద్దున్న తీసుకెల్లి లోపల కూకోబెట్టి సంతకం ఎట్టీత్తాను. మద్దేనానికి నానే దొంగతనం సేసి, అందరూ సూత్తుండగా మైదానం మీంచి మోసుకొచ్చి మీకప్పగించీత్తాను. నన్ను సస్పెండు సేసీత్తారు. నా ఇల్లు నాకొచ్చీత్తాది."

గౌరీశు తల్లి వైపు తిరిగాడు.

అసిరమ్మ కిటికీలోంచి లైన్సు పొడుగునా చూస్తోంది. వరసగా పెంకుటిళ్లు, చిట్టచివర మేడ మీద జెండాతో కమాండెంట్ గారి బంగ్లా.

"ఒరే బాబూ," అంది దాలినాయుడితో. "గిడ్డంగి ఇల్లిల్లూ వరసగానే వత్తాదన్నారా?"

"అవునమ్మా. వరసగానే."

"ఆ మేడ కాడికి రావాలంటే ఇంకా సానా ఇళ్లున్నాయి," అంది అసిరమ్మ. చీర కొంగు నడుముకు బిగించి, మెడ చుట్టూ వెయ్యడానికి రెండు చేతులూ చాపింది. "ఎత్తుకోరా. అందాకా నాను బతకాల."